ట్యాబ్‌లో డేటా ప్యాక్ వేసినా నెట్ రాకపోతే

బాబు ట్యాబ్‌లో కొత్త ప్రీపెయిడ్ సిమ్ పెట్టి, ఒట్టి డేటా ప్యాక్ కొట్టించానని, అయినా నెట్ రావట్లేదని రాశారు కదండీ. సిమ్ తప్పు కాకపోవచ్చు. మన దగ్గర డేటా ప్యాక్‌లు చాలావరకు బేస్ ప్లాన్, అంటే కాల్స్‌తో వచ్చే అసలు రీఛార్జ్, నడుస్తుంటేనే పనిచేస్తాయి. ట్యాబ్‌కి కాల్స్ అక్కర్లేకపోయినా ఆ డబ్బు కట్టాల్సిందే. 2024 జులైలో రేట్లు పెరిగాక ఇది మరీ దండగ!

ఇంట్లో ఎవరికైనా పోస్ట్‌పెయిడ్ ఉంటే, దాని మీద ఫ్యామిలీ యాడ్-ఆన్ సిమ్, అంటే అదే కనెక్షన్‌కి జతచేసే ఇంకో సిమ్, అడగండి. బిల్లు ఒక్కటే. పైన 18 శాతం జీఎస్టీ పడుతుంది, అదీ లెక్కేసుకోండి.

మా ట్యాబ్ ఊరెళ్తేనే గడప దాటుతుంది, అందుకని నా ఫోన్ హాట్‌స్పాట్‌తోనే నెట్టుకొస్తున్నా. బస్సు సూర్యాపేట దాటేసరికి ఫోన్ ఛార్జింగ్ సగానికి పడిపోతుందనుకోండి. ఏది తీసుకున్నా, యాప్ అప్‌డేట్‌లు వైఫైలోనే అయ్యేలా ముందు సెట్టింగ్ మార్చండి.