నర్సుల ఇంటర్వ్యూలో "మీరైతే ఏం చేస్తారు?" అని అడగడం దండగేనా?

కానే కాదు. సందర్భం చెప్పి అడిగితే అందరూ బట్టీ జవాబే చెప్తారని మీ అనుమానం. పుస్తకంలో ప్రశ్న అడిగితే బట్టీ జవాబే వస్తుంది మరి. వార్డులో జరిగేది అడగండి, సామాను చేతికివ్వండి.

నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. ఇంటర్వ్యూ బల్ల మీద ట్రేలో ఇన్సులిన్ వయల్, సిరంజి పెట్టి "20 యూనిట్లు రాశారు, లోడ్ చెయ్యమ్మా" అంటాను. వయల్ మిల్లీలీటరుకి 40 యూనిట్లది. సిరంజి ఆరెంజ్ మూతది, అంటే 100 యూనిట్ల వయల్‌కి వాడేది. దాంతో 20 గీత దాకా లాగితే వచ్చేది 8 యూనిట్లే. అదే 100 వయల్‌కి, 40 వయల్‌కి వాడాల్సిన ఎర్ర మూత సిరంజి వాడితే 20 కాస్తా 50 అవుతుంది, షుగర్ పడిపోయి పేషెంటు ప్రాణం మీదికొస్తుంది.

మొన్న మంచి మార్కులున్న ఒకమ్మాయి ఇంజెక్షన్ ఎక్కడెక్కడ చెయ్యాలో చక్కటి ఇంగ్లీషులో చెప్తూ 20 దాకా లాగేసింది. తర్వాత వచ్చినమ్మాయి జీఎన్ఎమ్, అంటే నర్సింగ్ డిప్లొమా చేసింది. మాటే పెగల్లేదు. వయల్‌ని ట్యూబ్‌లైటు వైపు తిప్పి చదివి, "మేడమ్, ఇది నలభైది, సిరంజి వందది. ఎర్ర మూతది ఇవ్వరా?" అంది. నేను వదల్లేదు. "రాత్రి రెండయింది, స్టోరుకి తాళం, డాక్టర్‌గారు ఫోన్లో తొందర పెడుతున్నారు" అన్నాను. "ఐసీయూలో అడిగి తెచ్చుకుంటాను. లేటయిందని సార్ తిట్టినా పర్లేదు, దీంతో మాత్రం ఇవ్వను" అంది. నాకు కావలసిన సిస్టర్ ఆమే. హెచ్ఆర్ వాళ్లు మాత్రం ఆమె కాగితం మీద "కమ్యూనికేషన్ యావరేజ్" అని రాశారు! పోట్లాడి తీసుకున్నాను.

అసలు ఈ హెచ్ఆర్ ధోరణే నాకు నచ్చదు. "మీ గురించి చెప్పండి" అని మొదలుపెట్టి, చివరికి ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే ఆస్పత్రులున్నాయి. ఆ కాగితాలు ఆ పిల్లల ఆస్తి, బీరువాలో తాళం వేసే హక్కు ఎవరికీ లేదు.

కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు మెడిసిన్ సీట్లకే ఇలా ఒక్కో చోట ఒక్కో సందర్భం ఇచ్చి చూసే పద్ధతి తెచ్చారు. మనకి అంత హంగు అక్కర్లేదు. సరైన జవాబేదో ముందే రాసిపెట్టుకోండి, లేకపోతే మాటకారికే మార్కులు పడతాయి. ప్యానెల్లో నైట్ డ్యూటీలు చేసిన వార్డు సిస్టర్‌ని కూర్చోబెట్టండి. ప్రశ్న మాత్రం మారుస్తూ ఉండాలి, సాయంత్రానికల్లా హాస్టళ్లన్నిటికీ పాకిపోతుంది.