షాపులో ఫుడ్ సేఫ్టీ తనిఖీ: మధ్యవర్తికి డబ్బు పంపితే కేసు పోతుందా?

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాకు చిన్న సూపర్ మార్కెట్ ఉంది. పోయిన వారం ఇద్దరు ఫుడ్ సేఫ్టీ అధికారులు తనిఖీకి వచ్చారు. కౌంటరు కింద డేటు దాటిన బ్రెడ్డు, కేకు ప్యాకెట్లు దొరికాయి. అవి డిస్ట్రిబ్యూటరుకి వాపసు ఇవ్వడానికి పెట్టినవే. మా వీధిలో ఒకావిడ చేసి ఇచ్చే జంతికల ప్యాకెట్లకు లేబుల్ లేదని పట్టుకెళ్లారు. ఒక కంపెనీ నెయ్యి శాంపిల్ తీశారు. ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు, నేను చదవలేదు. మర్నాడు ఎవరో ఫోన్ చేసి 20 వేలు పంపితే కేసు లేకుండా చూస్తానన్నాడు. కట్టేయమంటారా? నెయ్యి కల్తీదైతే కంపెనీ తప్పుకు నేనెందుకు బాధ్యురాలిని? షాపు సీల్ చేస్తారా? ఈసారి వస్తే లోపలికి రానివ్వకపోతే ఏమవుతుంది?

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి. ఒక్క రూపాయి కూడా పంపకండి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 ప్రకారం తనిఖీకి వచ్చిన అధికారికే షాపులో నిలబడి జరిమానా వేసే అధికారం లేదు. ఇక ఫోన్లో బేరమాడేవాడికి ఎక్కడిది? జరిమానా పడాలంటే 68వ సెక్షన్ కింద కేసు అడ్జుడికేటింగ్ ఆఫీసరు (విచారించి జరిమానా తేల్చే అధికారి) ముందుకు వెళ్లాలి. మన రాష్ట్రంలో ఆ బాధ్యత జాయింట్ కలెక్టరుది. మీకు నోటీసు ఇచ్చి, మీ మాట విన్నాకే ఆర్డరు వేయాలి. చిన్న దుకాణదారులు రుసుము కట్టి రాజీ చేసుకునే వీలు 69వ సెక్షన్‌లో ఉంది. అది కూడా అధికారికంగా, రసీదు మీద జరగాల్సిందే.

ఫోన్ చేసినవాడు మోసగాడని తోస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, ఆఫీసు మనిషే అని అనుమానం ఉంటే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) 1064కి చెప్పండి. ఆ నెంబరు, మెసేజీలు తుడిచేయకండి. లంచం ఇచ్చినవాళ్లు కూడా ముద్దాయిలవుతారని మరవకండి. బలవంతం మీద ఇచ్చినవాళ్లు 7 రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే అవినీతి నిరోధక చట్టం వాళ్లను కాపాడుతుంది. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వాళ్లు ప్లాస్టిక్ కవర్లకీ, చెత్తకీ వేసే ఫైన్ల సంగతి వేరు. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, బరువు చూసే తూనికలు కొలతల శాఖ కూడా వేరు. ముగ్గురినీ కలిపి 'ఫుడ్ ఇన్‌స్పెక్టరు' అనేయడం మన అలవాటు. వచ్చిన మనిషి ఏ శాఖ వాడో గుర్తింపు కార్డు చూసి రాసుకోండి.

మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితాలే ఇప్పుడు మీకు అన్నిటికంటే ముఖ్యం. శాంపిల్ తీస్తే ఫారం 5ఏ నోటీసు మీ చేతికి ఇవ్వాలి. పట్టుకెళ్లిన సరుకుకి రసీదు ఉండాలి. శాంపిల్‌కి మామూలు అమ్మకపు ధర కూడా చెల్లించాలి, ఉచితంగా తీసుకెళ్లడానికి లేదు. ఇవి మీ దగ్గర లేకపోతే నకళ్లు ఇమ్మని జిల్లాలో ఫుడ్ సేఫ్టీ వ్యవహారాలు చూసే డిజిగ్నేటెడ్ ఆఫీసరుకి ఈ వారమే అర్జీ ఇవ్వండి. మీ కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోండి. స్పందన లేకపోతే సమాచార హక్కు కింద అడగండి.

నెయ్యి విషయానికొద్దాం. శాంపిల్‌ని నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి ల్యాబులో పరీక్షించే ఫుడ్ ఎనలిస్టుకి, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసరు దగ్గరికి పోతాయి. మీరు కోరితే నాలుగోది గుర్తింపు పొందిన ల్యాబుకి మీ ఖర్చుతో పంపాలి. మీరు కోరినట్టు లేదు, ఈ హక్కు ఉందని చాలామంది దుకాణదారులకు తెలియదు కూడా. అయినా దారి మూసుకుపోలేదు. ఎనలిస్టు శాంపిల్ అందిన 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. అది మీకు వ్యతిరేకంగా వస్తే, కాపీ అందిన 30 రోజుల్లో డిజిగ్నేటెడ్ ఆఫీసరు దగ్గర అప్పీలు వేసి, మళ్లీ పరీక్షకి రిఫరల్ ల్యాబుకి (పై స్థాయి ల్యాబు) పంపమని అడగవచ్చు. కవరు అందిన తేదీ దాని మీదే రాసి పెట్టుకోండి. ఈ 30 రోజులు దాటబెట్టుకుని వచ్చే క్లయింట్లే ఎక్కువ.

కంపెనీ తప్పుకు మీ బాధ్యత ఎంతంటే, 27వ సెక్షన్ చదవాలి. డేటు దాటిన సరుకు అమ్మినా, అపరిశుభ్రంగా ఉంచినా, ఎవరు తయారు చేశారో, ఎవరి దగ్గర కొన్నారో చూపలేకపోయినా అమ్మినవాళ్లదే బాధ్యత. సీలు తియ్యని నెయ్యి డబ్బాకి బిల్లు ఉంటే మీ పరిస్థితి చాలా మెరుగు. డిస్ట్రిబ్యూటరు ఇచ్చిన బిల్లునే సరుకు నాణ్యతకి రాతపూర్వక హామీగా 26వ సెక్షన్ లెక్కిస్తుంది. తగిన జాగ్రత్త తీసుకున్నానని 80వ సెక్షన్ కింద వాదించడానికి కూడా ఆ బిల్లే ఆధారం. 'బిల్లు లేకుండా అయితే పది రూపాయలు తక్కువ' అని పూర్ణా మార్కెట్‌లో కొన్న నెయ్యి అయితే మాత్రం నేను మీకు పెద్దగా సాయపడలేను.

బ్రెడ్డు దగ్గర మీ వాదన బలహీనం. ఇంకా అమ్మలేదు కదా అంటే చెల్లదు. అమ్మకానికి దగ్గర ఉంచుకోవడం కూడా ఈ చట్టంలో 'అమ్మకం' కిందికే వస్తుంది. వాపసు సరుకని నమ్మించాలంటే దాని రూపం కూడా అలాగే ఉండాలి. విడిగా ఒక అట్టపెట్టె, దాని మీద మార్కరుతో 'అమ్మకానికి కాదు, వాపసు', లోపల డిస్ట్రిబ్యూటరు కుర్రాడు సంతకం పెట్టే చిన్న పుస్తకం. కౌంటరు కింద తాజా బ్రెడ్డు పక్కనే పాతది ఉంటే ఏ అధికారి నమ్ముతాడు? పాత నెలల వాపసు చీటీలు ఏవైనా ఉంటే వెతికి పెట్టండి, విచారణలో అవి పనికొస్తాయి.

ఐస్‌క్రీం అమ్మేవాళ్లందరికీ ఒక మాట. రాత్రి షట్టరు దించాక కరెంటు బిల్లు కోసం డీప్ ఫ్రీజరు ఆపేసే షాపులు మన ఊళ్లో తక్కువేం కాదు. కరిగి మళ్లీ గడ్డకట్టిన కప్పు మూత తీస్తే పైన మంచు పలుకులు తేలి ఉంటాయి, అధికారి వేలితో నొక్కి చూస్తాడు. ఫ్రీజరు మైనస్ 18, పాలు పెరుగు ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి. లోపల చిన్న థర్మామీటరు వేలాడదీయండి.

జరిమానా అంకెలు చూసి బెంబేలెత్తకండి. నాసిరకానికి 5 లక్షల దాకా, తప్పుడు లేదా లేని లేబుల్‌కి 3 లక్షల దాకా, అపరిశుభ్రతకి లక్ష దాకా వేయవచ్చు. ఇవన్నీ పై హద్దులే. ఎంత లాభపడ్డారు, ఎవరికైనా నష్టం జరిగిందా, తెలిసే చేశారా, పదేపదే చేస్తున్నారా అన్నవి చూసి మొత్తం నిర్ణయించమని 49వ సెక్షన్ చెబుతోంది. ఆర్డరు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. రిపోర్టులో 'అన్‌సేఫ్' (తింటే హాని) అనే మాట వస్తే మాత్రం అది క్రిమినల్ కోర్టు వ్యవహారం, అదే రోజు లాయరుని కలవండి.

సీలు గురించి: వచ్చిన అధికారి సొంతంగా షాపు మూయించలేడు. మామూలు లోపాలకైతే డిజిగ్నేటెడ్ ఆఫీసరు 32వ సెక్షన్ కింద సరిదిద్దుకోమని నోటీసు ఇస్తారు, గడువు 14 రోజులకు తగ్గకూడదు. అప్పటికీ వినకపోతేనే లైసెన్సు సస్పెన్షన్, ఆ తర్వాత రద్దు. ప్రాణాపాయం ఉందనుకుంటే కమిషనర్ ద్వారా అత్యవసర నిషేధం తెచ్చే దారి వేరే ఉంది, మీది ఆ కోవలోది కాదు.

రానివ్వకపోవడం మాత్రం వద్దు. లోపలికి వచ్చి చూసే అధికారం 38వ సెక్షన్ ఇచ్చింది. అడ్డుకోవడం జైలు శిక్ష ఉన్న నేరం. అంతవరకు జరిమానాతో పోయే వ్యవహారాన్ని మీరే పెద్దది చేసుకున్నట్టవుతుంది.

జంతికలావిడని వదిలేయనక్కర్లేదు. ఆహార వ్యాపారాల లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు ఇచ్చే ఫాస్కాస్ పోర్టల్‌లో చిన్న తయారీదారుగా రిజిస్ట్రేషన్ చేయించమనండి. 2తో మొదలయ్యే 14 అంకెల నెంబరు వస్తుంది. దాన్ని, తన పేరు, చిరునామా, దినుసులు, బరువు, తయారీ తేదీ, గడువు తేదీ, పచ్చచుక్కతో పాటు లేబుల్ మీద వేయించాలి. అప్పటిదాకా ఆ ప్యాకెట్లు మీ అరల్లో పెట్టకండి.