గుండె స్కాన్‌కి ఏ కోలిమేటర్: ఎల్‌ఈహెచ్‌ఆరా, లీపా?

గుంటూరులో మీరు పెడుతున్న సెంటర్‌కి డ్యూయల్ హెడ్ గామా కెమెరా (ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు నుంచి వచ్చే గామా కిరణాలతో బొమ్మ తీసేది) వస్తోంది, పనంతా గుండె కండరానికి రక్తం ఎలా అందుతోందో చూసే స్ట్రెస్ మిబి (టెక్నీషియం కలిసిన మందు), థాలియం స్కాన్లే, చిన్న డిఫెక్ట్ (రక్తం తక్కువ అందే చోటు) కూడా తప్పిపోకూడదంటే ఏ కోలిమేటర్ (కెమెరా హెడ్ ముందు బిగించే రంధ్రాల సీసం పలక) అని కదా అడిగారు. నేను విజయవాడలో ఇదే పనిలో ఉన్న టెక్నాలజిస్టుని.

మిబికి ఎల్‌ఈహెచ్‌ఆరే (తక్కువ శక్తి కిరణాలకి వాడే, ఎక్కువ స్పష్టతనిచ్చే కోలిమేటర్) తీసుకోండి. రంధ్రాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి కనుక వాలుగా వచ్చే ఫోటాన్లు సీసం గోడల్లోనే ఆగిపోయి బొమ్మ తేటగా వస్తుంది. కౌంట్లు, అంటే కెమెరాకి అందే ఫోటాన్ల లెక్క, మాత్రం తగ్గుతాయి. టెక్నీషియం డోసు కాస్త ఎక్కువే ఇవ్వగలం కాబట్టి సర్దుకుంటుంది. థాలియం అలా కాదు. అర్ధాయువు 73 గంటలు, డోసు పెంచలేం. కౌంట్లు చాలకపోతే నాయిస్ పెరిగి లేని డిఫెక్ట్ ఉన్నట్టు కనిపిస్తుంది. దానికి లీప్ (స్పష్టత కాస్త తగ్గినా ఎక్కువ కౌంట్లు పట్టే కోలిమేటర్) మేలు.

కానీ చాలామంది పట్టించుకోనిది దూరం. కోలిమేటర్‌కి 10 సెంటీమీటర్ల దూరంలో ఈ రెండింటి రిజల్యూషన్‌కి (స్పష్టతకి) తేడా సుమారు రెండు మిల్లీమీటర్లే. హెడ్ ఛాతీకి ఇంకో ఐదు సెంటీమీటర్లు ఎడంగా తిరిగిందా, ఎల్‌ఈహెచ్‌ఆర్‌కి పెట్టిన డబ్బు అక్కడే పోయినట్టు. ఎడమ చెయ్యి తల పైకి సరిగ్గా ఎత్తలేని పెద్దవాళ్లతో మాకు రోజూ ఇదే తంటా. మోచేయి కింద దిండు సర్ది, హెడ్‌ను వీలైనంత దగ్గరికి తెస్తాం.

ఇన్ఫీరియర్ వాల్ (గుండె కింది గోడ) దగ్గర అనుమానం వస్తే కోలిమేటర్‌ని తిట్టుకోకండి. డయాఫ్రమ్ అడ్డమో, పక్కనే లివర్, పేగుల్లో మిబి వెలుగో అయ్యుంటుంది. బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీస్తే చాలాసార్లు తేలిపోతుంది.

ఇక మల్టీఫోకల్ అనే ఇంకో రకం కోలిమేటర్ గుండె మీదే ఫోకస్ అవుతుంది కాబట్టి కౌంట్లు బాగా వస్తాయి, టైమ్ కలిసొస్తుంది. అయితే గుండె సరిగ్గా మధ్యలో ఉండాలి, సాఫ్ట్‌వేర్ దానిదే కావాలి. పేషెంట్ల రద్దీ బాగా ఉంటే తప్ప నేనైతే కొనను. మల్టీ పిన్‌హోల్ (కొన్ని సూది రంధ్రాలే ఉండే రకం) అయితే గుండెకే ప్రత్యేకించిన సీజడ్‌టీ (వేరే రకం డిటెక్టర్ ఉన్న) కెమెరాల్లో వచ్చేది, మీ మెషీన్‌కి ఆ ఊసే వద్దు.

లీప్‌ని ఇప్పుడే కొటేషన్‌లో కలిపి బేరమాడండి. అన్నట్టు, మన మే నెల ఎండల్లో కరెంటు పోయి ఏసీ ఆగితే కోలిమేటర్ మార్చే పని పెట్టుకోవద్దు. కోలిమేటర్ తీసేసి ఉన్నప్పుడు గది వేడి గబుక్కున మారితే హెడ్ లోపల గామా కిరణాల్ని పట్టే సోడియం అయొడైడ్ క్రిస్టల్ పగిలే ప్రమాదం ఉంది.