ప్రాధాన్య ఫోన్ల జాబితా రాసే ముందు

అమ్మాయీ,

నిన్న నువ్వు ఫోన్‌లో అన్న మాట గురించే రాత్రి చాలాసేపు ఆలోచిస్తూ ఉన్నాను. "మామయ్యా, అత్యవసర సిబ్బందికి ప్రాధాన్య కాల్ సౌకర్యం ఇప్పించే పని నాకు అప్పగించారు. పెద్ద పనేం కాదులే, పేర్లు తీసుకుని ఫారం నింపి పంపడమే" అన్నావు. మొదటిసారి ఆ పని నా చేతికి వచ్చినప్పుడు నేనూ అచ్చం అలాగే అనుకున్నాను. అందుకే ఫోన్‌లో పొడిపొడిగా చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ముందు ఆ సమయంలో ఏం జరుగుతుందో నీకు బాగా తెలియాలి. పెద్ద ప్రమాదం జరిగిన చోట ఫోన్ తీసి చూస్తే సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి. కాల్ మాత్రం కలవదు. టవర్ చెడిపోయిందనుకుంటారు చాలామంది. చెడిపోలేదు. టవర్ మన ఫోన్‌కు ఎంత బాగా అందుతోందో ఆ గీతలు చెబుతాయి, అక్కడ చోటుందో లేదో చెప్పవు. ఒక టవర్ కింద ఉన్నవాళ్లలో కొద్దిమందే ఒకేసారి మాట్లాడతారన్న లెక్క మీద నెట్‌వర్క్ కడతారు. ప్రమాదం జరిగిన నిమిషంలో ఆ లెక్క తప్పుతుంది. అందరూ ఫోన్ తీస్తారు. కలవకపోతే మళ్లీ నొక్కుతారు, ఇంకోసారి నొక్కుతారు. నొక్కిన ప్రతిసారీ టవర్‌కు ఒక కొత్త విన్నపం చేరుతుంది. దాంతో మాట్లాడే దారులు నిండడమే కాదు, "నాకు దారి ఇవ్వండి" అని అడిగే గుమ్మం కూడా కిక్కిరిసిపోతుంది. కాబట్టి మనవాళ్లకు ప్రాధాన్యం రెండు చోట్లా కావాలి, గుమ్మం దగ్గరా, లోపలికి వెళ్లాకా.

గుమ్మం దగ్గర పనిచేసేది సిమ్‌లో రాసి ఉండే తరగతి అంకె. మామూలు జనం సిమ్‌లన్నీ 0 నుంచి 9 వరకు ఏదో ఒక తరగతిలో ఉంటాయి. 11 నుంచి 15 వరకు ప్రత్యేకం. అందులో 12 భద్రతా సిబ్బందికి, 13 నీళ్లు, గ్యాస్ లాంటి ప్రజా సేవలకు, 14 అత్యవసర సేవలకు. 11, 15 నెట్‌వర్క్ సంస్థ సొంత వాడకానికి. రద్దీ చేయి దాటితే టవర్ కొన్ని తరగతులను కాసేపు ఆగమంటుంది. ఆ తరగతి ఫోన్లు అప్పుడు కాల్ కోసం అడగవు కూడా. లోపల పనిచేసేది వేరు. 4జీలో ప్రతి కనెక్షన్‌కూ 1 నుంచి 15 వరకు ఒక ప్రాధాన్య అంకె ఉంటుంది, 1 అన్నిటికంటే పైది. చోటు లేనప్పుడు ఈ కనెక్షన్ ఇంకొకదాన్ని తప్పించవచ్చా, దీన్ని ఇంకొకటి తప్పించవచ్చా అని రెండు గుర్తులు కూడా దానికి తగిలించి ఉంటాయి.

ఈ సాంకేతిక వివరాలు నీకెందుకంటే, కంపెనీ ప్రతినిధి వచ్చి "మీ నంబర్లన్నిటికీ ప్రయారిటీ పెట్టేశాం మేడమ్" అంటాడు. నువ్వు సంతకం పెట్టకముందే అడుగు. గుమ్మం దగ్గరా, లోపలా రెండు చోట్లా పెట్టారా? ఈ ప్రాధాన్యం మా ఫోన్ ఉన్న టవర్ వరకేనా, అవతలి మనిషి వేరే కంపెనీ ఫోన్‌లో ఉన్నా అక్కడిదాకా వెళ్తుందా? చోటు లేకపోతే మా కాల్‌ను వరుసలో ముందు నిలబెడతారా, నడుస్తున్న ఎవరి కాల్‌నైనా తెంచుతారా? జవాబులు కాగితం మీద తీసుకో. అతనికి తెలియకపోతే తెలిసినవాళ్లను పంపమను. ఇందులో మొహమాటం వద్దు.

ఇక జాబితా సంగతి. నేను తప్పు చేసింది ఇక్కడే. నువ్వు చేయకూడదనే ఈ ఉత్తరమంతా.

నేను మొదటి జాబితా హోదా చూసి రాశాను. పైనుంచి కిందికి, పెద్ద అధికారి, ఆయన కింది అధికారి, వాళ్ల సహాయకులు. ఇచ్చిన కోటా అక్కడికే సరిపోయింది. కొన్ని నెలలకు ఒక గోదాము తగలబడింది. రాత్రి షిఫ్ట్ నడుస్తున్న చోటు. చుట్టుపక్కల జనమంతా రోడ్డు మీదికొచ్చి ఫోన్లు పట్టుకున్నారు. మా అధికారుల కాల్స్ చక్కగా కలిశాయి. ఒకరితో ఒకరు బాగానే మాట్లాడుకున్నారు. నీళ్లు కొట్టే ముందు కరెంటు తీయించాలి కదా, తీశామన్న కబురు కూడా వచ్చింది. అయితే ఆ గోదాముకు ఇంకో వైపు నుంచి రెండో లైను ఉందని, అందులో కరెంటు ఇంకా ఉందని తెలిసినవాడు ఒక్క లైన్‌మనే. అతను గోడ అవతల నిలబడి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అతని దగ్గర ఉన్నది మామూలు సిమ్. చివరికి ఒక కుర్రవాణ్ణి బండి మీద మా దగ్గరికి పంపాడు. ఆ కుర్రవాడు వచ్చేలోపే అగ్నిమాపక సిబ్బందిలో ఒకరికి షాక్ కొట్టింది. బతికాడు, కానీ కుడి చేయి మళ్లీ మునుపటిలా పనిచేయలేదు. లైన్‌మన్ పేరు నా జాబితాలో ఎందుకు లేదంటే, ఆ జాబితా రాసేటప్పుడు నా ముందు కుర్చీల వరుస ఉంది గానీ ఆ రాత్రి ఎవరు ఎవరికి ఏం చెప్పాల్సి వస్తుందో లేదు.

అందుకని నువ్వు పేర్లతో మొదలుపెట్టకు. నాలుగైదు ప్రమాదాలు ఊహించుకో. మంట, వరద, భవనం కూలడం, గుంపులో తొక్కిసలాట, ఆసుపత్రిలో కరెంటు పోవడం. ఒక్కోదానికి మొదటి గంటలో ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి ఏ కబురు చేరితే ప్రాణం నిలబడుతుందో రాసుకో. ఆ కబుర్ల రెండు కొసల్లో ఉన్న మనుషులే నీ జాబితా. అంబులెన్స్‌లో ఉన్నవాళ్లు, ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఆ షిఫ్ట్ చూసేవారు, సబ్‌స్టేషన్ ఆపరేటర్, నీటి సరఫరా వాల్వు తిప్పేవాడు. అమెరికాలో 2000లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తెచ్చిన నిబంధనల్లో ఐదు అంచెలున్నాయి. దేశ నాయకత్వం, సైన్యం, పోలీసు, ఆరోగ్య రంగాల తర్వాత నాలుగో అంచె ప్రజా సేవలదే, ఐదోది ప్రమాదం తర్వాత బాగుచేసేవాళ్లది. ఆ వరుస గురించి ఎంతైనా వాదించుకోవచ్చు. కరెంటు, నీళ్లు చూసేవాళ్లకు చోటుండాలన్నది మాత్రం అక్కడా ఒప్పుకున్నారు.

ఇంకో సంగతి. వీలైన చోటల్లా మనిషి పేరు మీద కాకుండా డ్యూటీ మీద సిమ్ తీసుకో. షిఫ్ట్ మారినప్పుడు ఫోన్ చేతులు మారుతుంది, ప్రాధాన్యం పోదు. మనిషి పేరు మీద ఇస్తే అతను సెలవులో ఉన్న రోజు అది ఇంట్లో బీరువా మీద ఉంటుంది.

లండన్‌లో 2005 జూలై 7న బాంబులు పేలినప్పుడు ఏం జరిగిందో తెలుసుకో. అక్కడ అప్పటికే ఇలాంటి ఏర్పాటు ఉంది. ప్రత్యేక సిమ్ ఉన్నవాళ్లకు తప్ప మిగతావారికి మొబైల్ నెట్‌వర్క్ మూసే పద్ధతి. దాన్ని వాడకూడదని పై స్థాయిలో అనుకున్నారు. జనం కంగారు పడతారన్నది ఒక భయం, ఉండాల్సిన సిబ్బంది చేతిలో ఆ ప్రత్యేక సిమ్‌లు ఉన్నాయో లేదో తేలకపోవడం ఇంకొకటి. అయినా ఆల్డ్‌గేట్ స్టేషన్ చుట్టూ సుమారు ఒక కిలోమీటరు మేర ఒక కంపెనీ నెట్‌వర్క్‌లో కొన్ని గంటలపాటు దాన్ని అమలు చేశారు. జనం కాల్స్ ఆగిపోయాయి. ఆ రోజు మొబైల్ ఫోన్లనే నమ్ముకున్న అంబులెన్స్ సేవ అధికారులు చాలా ఇబ్బంది పడ్డారు. తర్వాత లండన్ అసెంబ్లీ దీని మీద వివరంగా విచారణ జరిపింది. 2009లో ఆ పద్ధతి పోయి కొత్తది వచ్చింది. తలుపు మూసే అధికారం చేతిలో ఉన్నా, లోపల ఉండాల్సినవాళ్లు బయటే ఉంటే అది అక్కరకు రాదు.

జనం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇది ఎప్పుడు తలచుకున్నా నాకు మనసు బాగుండదు. ఆ గోదాము రాత్రే కంచె పక్కన ఒకావిడ నిలబడి ఉంది. భర్త లోపల రాత్రి షిఫ్ట్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తోంది, కలవడం లేదు, మళ్లీ చేస్తోంది. నేను ఆవిడకు పది అడుగుల దూరంలో ప్రాధాన్య ఫోన్‌లో ఒకే విషయాన్ని ముగ్గురు అధికారులకు మూడుసార్లు చెబుతున్నాను. రెండు గంటల తర్వాత ఆయన వేరే గేటు నుంచి క్షేమంగా బయటికి వచ్చాడని తెలిసింది. ఆ రెండు గంటలు ఆవిడ పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను. మన ప్రాధాన్య కాల్ ఖాళీగా ఉన్న చోటులోంచి రాదమ్మా. భయపడుతున్న ఎవరో ఒకరి వంతు మనకు ఇస్తారు.

అందుకే జాబితా పెద్దదైతే మంచిదని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అందరికీ ప్రాధాన్యం ఇస్తే ఎవరికీ ఇవ్వనట్టే. పైరవీలు వస్తాయి, "మా సార్‌కి కూడా ఒకటి" అంటారు. ప్రమాద సమయంలో ఆ సార్ ఎవరికి ఏ కబురు చెప్పాలో అడుగు. జవాబు లేకపోతే పేరూ వద్దు. మరొకటి, జనం సహాయం కోసం చేసే అత్యవసర నంబరు కాల్స్‌కు మన ఏర్పాటు ఏ రకంగానూ అడ్డు రాకూడదు. దెబ్బ తగిలినవాడు అడగలేకపోతే మనం పరుగెత్తేది ఎక్కడికి? అమెరికా పద్ధతి మొదట్లో నడుస్తున్న కాల్‌ను తెంచేది కాదు. ఖాళీ అయ్యే తర్వాతి దారి కోసం మనవాళ్లను వరుసలో ముందు నిలబెట్టేది, జనానికీ కొంత చోటు మిగిల్చేది. మాట్లాడే కాల్స్ వరకు నాకు అదే సబబుగా అనిపిస్తుంది.

మీవాళ్లకు మాట్లాడే తీరు కూడా నేర్పించు. ఎక్కడ, ఏం జరిగింది, ఏం కావాలి, అంతే. పెట్టేయాలి. మెసేజ్‌తో సరిపోయేదానికి కాల్ వద్దు. 2011 మార్చి 11న జపాన్ భూకంపం తర్వాత అక్కడి కంపెనీలు మామూలు వాయిస్ కాల్స్‌ను 95 శాతం దాకా నియంత్రించాయి. డేటాను మాత్రం చాలా తక్కువగానే ఆపాయి, కొన్ని చోట్ల ఆపనే లేదు. అక్షరాలకు పట్టే చోటు మాటలకు పట్టేదానిలో ఏ మూలకూ రాదు.

జపాన్ నుంచే ఇంకొకటి నేర్చుకోవాలి. అక్కడి విపత్తు ప్రాధాన్య ఫోన్లకు ప్రాధాన్యం బయటికి చేసే కాల్స్‌కే, లోపలికి వచ్చేవాటికి లేదు. మీ కంపెనీది కూడా అలాంటిదేనేమో కనుక్కో. అలాంటిదే అయితే, "కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వచ్చేదాకా ఆగండి" అని మైదానంలో ఉన్నవాళ్లకు చెప్పకూడదు. ప్రాధాన్య ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లే చేయాలి. ఆ నంబరు నలుగురికీ పంచిపెట్టకూడదు కూడా. వచ్చే కాల్స్‌తో అది బిజీగా ఉంటే చేయాల్సినప్పుడు లైను దొరకదు.

డేటా విషయంలో ప్లాన్ కూడా చూడు. 2018లో కాలిఫోర్నియాలో అడవి మంటలతో పోరాడుతున్న ఒక అగ్నిమాపక విభాగం వాహనంలో ఇంటర్నెట్ ఉన్నట్టుండి నత్తనడక పట్టింది. ఆ వాహనం నుంచే మంటలార్పే బలగాల కదలికలు చూసుకునేవారు. టవర్ రద్దీ కాదు కారణం, నెలవారీ డేటా పరిమితి దాటడం. ఖర్చుల విభాగం వాళ్లు తక్కువ ప్లాన్ తీసుకుందామంటే ఈ సంగతి చెప్పు.

ఇక కరెంటు. టవర్‌కు బ్యాటరీ ఉంటుంది, అది కొన్ని గంటలకు అయిపోతుంది. టవర్ ఆగిపోయాక నీ సిమ్‌లో ఏ తరగతి రాసి ఉన్నా ఒకటే. కాబట్టి వైర్‌లెస్ సెట్లను మూలన పడేయనివ్వకు.

చివరగా పరీక్ష. అమెరికాలో ఈ సౌకర్యం వాడాలంటే నంబరుకు ముందు *272 కొట్టాలి. ఇలాంటి చిన్న కోడ్ ఏదైనా మీకూ ఉంటే, కంగారులో అదే మొదట మరిచిపోతారు. నెలకోసారి ప్రతి ఫోన్ నుంచి ఒక కాల్ చేయించు. కొత్త ఫోన్ కొన్నా, సిమ్ పోయి మార్చుకున్నా, కంపెనీ మారినా ఆ వెంటనే మళ్లీ చేయించు. సిమ్ మార్చినప్పుడు ప్రాధాన్యం పోయిన సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియకపోవడం నేను రెండుసార్లు చూశాను. కాల్ కలిసినంత మాత్రాన ప్రాధాన్యం పనిచేసినట్టు కాదు, రద్దీ లేనప్పుడు అన్నీ కలుస్తాయి. ఆ నంబరుకు ప్రాధాన్య గుర్తు ఉందో లేదో కంపెనీ రికార్డులో చూసి చెప్పమను.

ఫారం ఇంకా పంపకు. మూడు షిఫ్టుల డ్యూటీ చార్టులు ఫొటో తీసి నాకు పంపు. ఆదివారం ఇద్దరం ఫోన్‌లో కూర్చుని, ఎవరు ఎవరికి ఏం చెప్పాలో ఒక్కొక్కటిగా రాద్దాం. సబ్‌స్టేషన్ వాళ్ల చార్టు మరిచిపోకు.

ఆశీస్సులతో,
మీ మామయ్య