మంచులో నెగడు: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి దీవెనలు.

జనవరిలో నలుగురు కలిసి లంబసింగి వెళ్లి రెండు రాత్రులు గుడారాల్లో ఉంటారని మీ అమ్మ చెప్పింది. నెగడు ఎలా వెయ్యాలో వివరంగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నా. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ చోటు సంగతి. లంబసింగి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. జనవరి తెల్లవారుజామున ఒక్కోసారి సున్నా డిగ్రీల దాకా పడిపోతుంది. చలికైతే దుప్పట్లు పట్టుకెళ్తారు సరే, నెగడుని చెడగొట్టేది మాత్రం అక్కడి మంచు. పొద్దు గూకిన కాసేపటికే గడ్డీ, ఆకులూ, నేలమీది పుల్లలూ చెమ్మెక్కిపోతాయి. వానకి తడిసినట్టు పైకి కనబడదు, అందుకే కొత్తవాళ్లు మోసపోతారు. ఏరుకోవడమంతా మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య, ఎండ ఉండగానే అయిపోవాలి. ఏరినవి ఏరినట్టు టార్పాలిన్ కింద పెట్టెయ్యండి. చీకటి పడ్డాక సెల్‌ఫోన్ లైటు పట్టుకుని ఏరిన పుల్లలు కళ్లు మండించుకోవడానికే.

తడి ఎందుకంత చెరుపు చేస్తుందో తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. కట్టె నేరుగా మండదు. వేడికి అందులోంచి ఒక రకం ఆవిరి లేస్తుంది, నీటి ఆవిరి కాదు, మండేది అదే. అది బాగా లేవాలంటే కట్టె 250, 300 డిగ్రీల దాకా కాగాలి. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లు ఇగిరేదాకా కట్టె 100 డిగ్రీలు దాటదు. అంటే నువ్వు వేసిన నిప్పంతా నీళ్లు కాచడానికే సరిపోతుంది. తెల్లటి దట్టమైన పొగ వస్తోందంటే మండాల్సిన ఆవిరి మండకుండా పోతోందని అర్థం. నలుగురూ వంగి ఊదినా లాభముండదు, ఎండుపుల్లలు తెచ్చి వెయ్యాల్సిందే.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుందంటావా? పుల్ల వంచి చూడు. టప్పున విరగాలి. వంగి నారలు నారలుగా చీలితే పక్కన పారెయ్. లావు కట్టెలు రెండు ఒకదానికొకటి కొట్టు. ఎండినవి కణకణమంటాయి, పచ్చివి మొద్దుగా దబ్బుమంటాయి. కట్టె మొదలు చూడు, మధ్యనుంచి అంచులకి పగుళ్లు పారి ఉండాలి. ఇంకా అనుమానంగా ఉంటే చెంపకి ఆనించు, చల్లగా తగిలితే చెమ్మ ఉన్నట్టే. నేలమీద పడున్న వాటికంటే చెట్టుకో తుప్పకో చిక్కుకుని వేలాడుతున్న ఎండుకొమ్మలు నయం, వాటికి కింద గాలి ఆడుతుంది. పచ్చని కొమ్మ మీద కత్తి పెట్టొద్దు. పాపమన్నది అలా ఉంచు, అది మండనే మండదు.

ఇక ఎంత ఏరాలన్నది. అందరూ తప్పేది ఇక్కడే. లావు దుంగలు నాలుగు లాక్కొచ్చి, గుప్పెడు చితుకులు వేసి, అగ్గిపుల్ల గీసి కూర్చుంటారు. చితుకులు రెండు నిమిషాల్లో బూడిదైపోతాయి, దుంగలకి మసి కూడా అంటదు. నువ్వు నాలుగు రకాలు విడివిడిగా కుప్పలు పెట్టు. మొదటిది అగ్గి అందుకునే సరుకు: నలిపిన కొబ్బరిపీచు, ఎండుగడ్డి, చీల్చిన తాటాకు, మూడు దోసిళ్లు. రెండోది చీపురుపుల్ల లావు చితుకులు, రెండు చేతులా కౌగిలించి పట్టుకునేంత. మరీ ఎక్కువ అనిపిస్తుంది. అనిపించినా ఏరు, తగ్గించొద్దు. మూడోది పెన్సిలు నుంచి బొటనవేలు లావు దాకా, అదీ ఓ కౌగిలి. నాలుగోది ముంజేతి లావు కట్టెలు. అంతకంటే లావువి గొడ్డలితో నిలువునా చీల్చి పేళ్లు చెయ్యాలి. లోపలి చెక్క ఎప్పుడూ పైబెరడు కంటే పొడిగా ఉంటుంది, పైగా పేడు అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి మంట చప్పున పట్టుకుంటుంది. గుండ్రటి దుంగ మంట మీద నుంచి జారిపోతున్నట్టే ఉంటుంది, అంటుకోదు.

చిన్న నెగడు గంటకి మూడు నాలుగు కిలోల కట్టె తింటుంది. రాత్రికి నాలుగు గంటలనుకుంటే 15 కిలోలు, రెండు రాత్రులకి 30. అంత కొండమీద ఏరొద్దు, దారిలో కొనుక్కోండి. నర్సీపట్నం మీదుగానే వెళ్తారు కదా, కట్టెల అడితి కనబడితే సరుగుడు అడగండి. వంటచెరుకులో దానికి సాటి లేదు. వేడి ఎక్కువ, పొగ తక్కువ, కాస్త పచ్చిగా ఉన్నా కూడా మండుతుంది. తుమ్మ దొరికితే సగం అది తీసుకోండి. తుమ్మ మంట కంటే తుమ్మ నిప్పులు గొప్పవి, గంటల తరబడి ఉంటాయి. అక్కడి కాఫీ తోటల్లో నీడకి సిల్వర్ ఓక్ వేస్తారు. ఆ కొమ్మలు ఎవరైనా ఇస్తే రాజెయ్యడానికి బాగుంటాయి. బూరుగ, మునగ లాంటి బెండుకట్టెలు కాగితంలా కాలిపోతాయి, డబ్బులిచ్చి కొనొద్దు. వెదురు వెయ్యాలంటే ముందు చీల్చి వెయ్యి. కణుపుల మధ్య మూసుకుపోయిన గాలి వేడెక్కి తారాజువ్వలా పేలుతుంది, నిప్పులు మొహం మీద చిందుతాయి. గన్నేరు, జెముడు, నల్లజీడి నెగడు దగ్గరికే రానివ్వొద్దు. గన్నేరు విషం. మిగతా రెండింటి పాలూ జీడీ ఒంటికి తగిలితే బొబ్బలు, పొగ తగిలినా కళ్లకీ గొంతుకీ ముప్పే.

చోటు విషయానికొస్తే, రిజర్వు అడవిలో నిప్పు రాజెయ్యడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. రోడ్డు పక్కన చెట్లు అందంగా ఉన్నాయని అక్కడే దిగిపోవద్దు. గుడారాలకి చోటిచ్చే వాళ్లనడిగి, వాళ్లు చూపించిన చోటే వెయ్యండి, అక్కడ పాత బూడిద మచ్చ ఉంటే ఇంకా మంచిది. చదునైన నేల కావాలి, పైన కొమ్మలుండకూడదు, చుట్టూ ఐదడుగుల మేర ఆకులూ గడ్డీ ఊడ్చేసి మట్టి కనబడాలి. వేళ్లు బయటికి తేలిన చోట వెయ్యొద్దు. వేరు లోపల్లోపల రగిలి మర్నాటికి ఎక్కడో లేస్తుంది. రాత్రిపూట కొండగాలి పైనుంచి కిందికి జారుతుంది, కాబట్టి గుడారాలు నెగడుకి ఎగువ వైపు, కనీసం 15 అడుగుల దూరంలో ఉండాలి. ఒక్క నిప్పురవ్వ చాలు నైలాను గుడారానికి రూపాయి బిళ్లంత చిల్లు పడటానికి. చుట్టూ రాళ్లు పేర్చుకుంటే పేర్చుకోండి గానీ వాగులోంచి తేవొద్దు. రాతి పొరల్లో నీళ్లుంటే ఆవిరై రాయి పగిలి ఎగురుతుంది. గొయ్యి నాలుగు వేళ్ల లోతు మించొద్దు. అక్కడ రాత్రి మంచు పట్టినప్పుడు గాలి పెద్దగా ఆడదు, లోతు గోతిలో నెగడుకి ఊపిరాడదు.

ఇప్పుడు పేర్చడం. చెమ్మ నేల మీద నేరుగా రాజెయ్యకు. ముంజేతి లావు కట్టెలు ఐదారు పక్కపక్కనే పరిచి, పడక లాగా చెయ్యి. దాని మీద, గాలి వచ్చే వైపున కాకుండా దానికి ఎదుటి వైపున, ఒక లావు కట్టె అడ్డం పెట్టు. అది తలగడ అనుకో. తలగడకి ఇవతల పీచు ముద్ద. చీపురుపుల్ల చితుకులు గుప్పెళ్లుగా తీసుకుని తలగడ మీదకి ఏటవాలుగా ఆనించు, పీచు మీద గూడు కట్టినట్టు. గూడు నొక్కొద్దు. పుల్లకీ పుల్లకీ మధ్య గాలి దూరాలి, కానీ ఒక పుల్ల మంట రెండో పుల్లకి అందాలి. వేలు పట్టేంత సందులు వదిలితే పుల్లలు ఒంటరిగా కాలి ఆరిపోతాయి. మొత్తం కిటుకు ఇదే. దానిపైన పెన్సిలు లావువి, అవీ అలాగే.

అగ్గిపెట్టె మాత్రల డబ్బాలో వేసి పట్టుకెళ్లు, లేకపోతే మందు చెమ్మెక్కి రాలిపోతుంది. పీచు మధ్యలో కర్పూరం బిళ్లలు నాలుగు పెట్టు. అంతకంటే మంచి సాధనం లేదు, ప్రతి కిరాణా కొట్లోనూ దొరుకుతుంది. కిరసనాయిలు పోస్తే అది మండి అదే పోతుంది, లోపల కట్టె చల్లగానే ఉంటుంది. పెట్రోలు మాట అసలు ఎత్తొద్దు. దాని ఆవిరి నేల మీద పాకి, అగ్గిపుల్ల గీసినవాడి కాళ్ల కిందే భగ్గుమంటుంది. గాలికి వీపు పెట్టి మోకాళ్ల మీద కూర్చుని, గాలి వచ్చే వైపునుంచే అంటించు. అప్పుడు గాలే మంటని చితుకుల్లోకి తోస్తుంది. అవతల వైపునుంచి అంటిస్తే మంట బయటికి వాలి నీ చెయ్యి కాలుతుంది.

చెకుముకి రాయితో చేద్దామని మీవాడెవడో సరదా పడుతున్నాడటగా. చెయ్యమను, పగటిపూట. రవ్వ వచ్చేది రాయిలోంచి కాదని చెప్పు, రాయి గీరిన ఉక్కు పొడి గాలికి మండి రవ్వవుతుంది. ఆ రవ్వ కొబ్బరిపీచుని అంటించలేదు. నల్లగా మాడ్చిన నూలుగుడ్డ కావాలి. మూతకి సన్నటి చిల్లున్న రేకు డబ్బాలో గుడ్డముక్కలు పెట్టి, చిల్లులోంచి పొగ ఆగేదాకా నిప్పుల మీద ఉంచి, డబ్బా పూర్తిగా చల్లారాక తియ్యాలి. వేడిగా తీస్తే గాలి తగిలి గుడ్డంతా బూడిదవుతుంది. దూది మాడ్చి వాడిన రోజులున్నాయి, బూరుగ దూది అయితే ఇంకా తేలిగ్గా అందుకుంటుంది.

చితుకులు చిటపటలాడుతూ అంటుకున్నాక చేతులు కట్టుకో. మొదటి ఐదు నిమిషాలు కదపడం, కెలకడం, పెద్ద కట్టె వెయ్యడం ఏదీ వద్దు. చితుకుల పైనుంచి మంట జానెడు లేచాక బొటనవేలు లావువి ఒక్కొక్కటే. ఎర్రటి నిప్పులు దోసెడు పోగయ్యాకే ముంజేతి లావు పేళ్లు, అవీ రెండు పక్కపక్కన, మధ్య అంగుళం సందుతో. ఒంటి కట్టె మండదు. రెండు కట్టెలు ఎదురెదురుగా ఉంటే ఒకదాని సెగ ఇంకొకదానికి కొడుతుంది. మంట మందగిస్తే నోటితో పైనుంచి ఊదొద్దు, బూడిద కళ్లలో పడుతుంది. ఊదుగొట్టం మూతి నిప్పుల పక్కన నేలకి ఆనించి, సన్నగా, పొడుగ్గా ఊదు.

ఒకసారి నిలబడ్డాక కట్టెలు బండిచక్రం ఆకుల్లా చుట్టూ పెట్టుకోండి, కొసలు మధ్యలో కలిసేట్టు. కాలిన కొద్దీ లోపలికి ఎగదోసుకుంటే చాలు. మంట తగ్గించాలంటే వెనక్కి లాగడమే. రెండడుగుల వెడల్పు చాలు నలుగురికి. ఆరడుగుల మంట వేస్తే పదడుగుల వెనక్కి పోయి కూర్చుంటారు, ఎదర మాడుతుంది, వీపు వణుకుతుంది. వీపు వెనక రాతి గోడో మట్టి గట్టో ఉండేట్టు కూర్చుంటే సెగ దానికి తగిలి తిరిగి వస్తుంది. పొగ ఒకడి వెంటే పడుతుంటే వాడి ఖర్మ అనుకోవద్దు. నెగడు నాలుగు వైపులనుంచీ గాలి పీల్చుకుంటుంది, మీరంతా ఒకే వైపు అడ్డంగా కూర్చుంటే పొగ మీవైపే వాలుతుంది. ఎదుటి వైపు మోకాలెత్తు రాయి నిలబెట్టండి, చాలావరకు అటు వాలుతుంది.

బొంగు చికెన్ చేసుకుంటామంటే పచ్చి వెదురే వాడాలి, ఎండుది మాంసం కంటే ముందు అదే కాలిపోతుంది. ఒక వైపు కణుపు, రెండో వైపు తెరిచిన మూతి. కొస నాలుగు వేళ్లు ఖాళీ వదిలి, మూతి ఆకులతో వదులుగా మూయాలి. బిగించి కొడితే ఆవిరి పోయే దారిలేక బొంగు చీలుతుంది. మంటలో పెట్టకుండా నిప్పుల మీద ఏటవాలుగా ఆనించి, ఐదు నిమిషాలకోసారి తిప్పుతుంటే ముప్పావుగంటకి అటూ ఇటూగా ఉడుకుతుంది. బొంగు చుట్టూ ఒకేలా నల్లబడాలి. తీశాక ఒక ముక్క విరిచి చూడు, ఎముక దగ్గర ఎరుపు ఉంటే మళ్లీ పెట్టు. వంటకి మంట కంటే నిప్పులే కావాలి కాబట్టి ఏడింటికి తినాలంటే అయిదున్నరకే నెగడు వెయ్యి.

రాత్రి చలికి ఓర్చలేక నిప్పులు ఏ బొచ్చెలోనో ఎత్తి గుడారంలో పెట్టుకోవద్దు. ఈ ఒక్కటీ నీ స్నేహితులకి గట్టిగా చెప్పు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలికాలం మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల వార్తలు ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం.

ఆర్పడానికి నీళ్లు నెగడు వెయ్యకముందే పక్కన ఉండాలి, ఒక బిందెడు. పడుకునేముందు కట్టెలు విడదీసి, నిప్పులు పరిచి, కొంచెం కొంచెంగా చల్లుతూ కర్రతో కలపాలి. ఒక్కసారి కుమ్మరిస్తే పైన బురద కడుతుంది, కింద నిప్పు అలాగే ఉంటుంది. మట్టి కప్పేస్తే ఆరిందనుకోవద్దు, నివురు కింద నిప్పు తెల్లారేదాకా ఉంటుంది. సుయ్‌మనడం ఆగాక అరచెయ్యి తిప్పి, వెనక వైపుతో ముందు దగ్గరగా చూడు, తర్వాత ఆనించి చూడు. వెచ్చగా తగిలితే మళ్లీ నీళ్లు. రాళ్లు కూడా దొర్లించి వాటి అడుగున చూడు. పొద్దున్న మళ్లీ రాజెయ్యాలంటే రాత్రే రెండు గుప్పెళ్ల చితుకులూ కాస్త పీచూ ప్లాస్టిక్ సంచిలో కట్టి, సంచి గుడారంలో నీ తల దగ్గర పెట్టుకో. ఆ వేళకి బయట పొడి పుల్ల ఒక్కటీ దొరకదు.

ఊదుగొట్టం మీ అమ్మ దగ్గర ఇత్తడిది ఉంది, అటక మీద చూడమను. తిరిగొచ్చాక మసి తోమి మరీ ఇవ్వు.

ఇట్లు,
మీ మావయ్య