ఆకాశంలో 455 కిలోమీటర్లు

ప్రశ్న: రాజమహేంద్రవరం, తిరుపతి విమానాశ్రయాల మధ్య దూరమెంత? గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్ రకం చిన్న విమానం గంట లోపే చేరాలి కదా, మరి ప్రయాణ సమయాన్ని గంట కంటే ఎక్కువగా ఎందుకు చూపిస్తారు?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రాజమహేంద్రవరం విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి, తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటకు సూటిగా కొలిస్తే సుమారు 455 కిలోమీటర్లు. విజయవాడ, గూడూరు మీదుగా తిరిగి వెళ్లే రైలు మార్గం ఇంతకంటే ఎక్కువే. మీరు వేసిన లెక్క ప్రకారం 55 నిమిషాలు చాలు; అయితే ఆ లెక్క విమానం పుట్టుకతోనే పూర్తి వేగంతో ఎగురుతుందన్నట్టుగా ఉంది. ఏటీఆర్ 72 ఆ వేగాన్ని అందుకునేది తగినంత ఎత్తుకు చేరిన తరువాతే. నేల విడిచి పైకి లేచేటప్పుడు, దిగడానికి రన్‌వేకు ఎదురుగా వరుసలోకి వచ్చేటప్పుడు దాని వేగం చాలా తక్కువ. పైగా గాలి వాలును బట్టి రన్‌వే ఏ కొసన దిగాలో నిర్ణయిస్తారు కనుక, అవతలి కొసకు చుట్టి రావలసి వస్తే మరికొన్ని కిలోమీటర్లు కలుస్తాయి.

అసలు కిటుకు మరొకటుంది. టికెట్టు మీద ఉండేది గాలిలో గడిపే సమయం కాదు; నిలిపిన చోటి నుంచి విమానం కదిలినప్పటి నుంచి, అవతల దిగి మళ్లీ నిలిచేదాకా పట్టే మొత్తం సమయం. ఎదురుగాలి గంటకు 50 కిలోమీటర్లుంటే ఈ దూరానికి ఆరు నిమిషాలు అదనం. విమానయాన సంస్థలు ఆలస్యమైందన్న మాట పడకుండా కొన్ని నిమిషాలు ముందే కలుపుకుంటాయి. ఒక్కోసారి మనం ‘ముందుగా’ దిగడంలోని ఘనత అదే.