వాగును ఊడ్చెయ్యకు తల్లీ

చిట్టితల్లీ,

మీ అమ్మ ఫోన్ చేసి, "రెడ్మండ్‌లో బేర్ క్రీక్ అనే వాగుందట, సాల్మన్ చేపల కోసం దాన్ని శుభ్రం చేయడానికి మన పిల్ల ఒక సంస్థ పెడుతోందట" అంది. గర్వంగా అనిపించింది. కానీ "శుభ్రం" అన్న మాట దగ్గర గుండె గతుక్కుమంది. అందుకే ఈ ఉత్తరం.

కాగితాల సంగతి ముందే తేల్చేస్తాను. కొత్త సంస్థ ఎందుకే? సాల్మన్ పని కోసం మీ వాషింగ్టన్ రాష్ట్రంలో 14 ప్రాంతీయ సంస్థలున్నాయి. 1990లో ఆ రాష్ట్ర చట్టసభే వాటికి దారి వేసింది. ముందు ఏడాదిపాటు వాళ్లతో కలిసి పని చెయ్యి. అనుమతులు ఎలా తేవాలో, పారలు ఎన్ని కావాలో, ఇన్సూరెన్స్ ఏం తీసుకోవాలో వాళ్లకు తెలుసు. అప్పటికీ పెట్టి తీరతానంటే, ఏడాదికి 50 వేల డాలర్ల లోపు వచ్చే చిన్న సంస్థకు పన్ను మినహాయింపు కోసం ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వాళ్ల 1023-ఈజీ ఫారం చాలు, ఫీజు 275 డాలర్లు.

ఇక అసలు సంగతి. శనివారం పొద్దున ముప్పై మంది వాలంటీర్లు చేతులకు గ్లవ్స్ వేసుకుని వస్తారు. వాగుకు అడ్డంగా పడిన చెట్టు కనిపించగానే ఉత్సాహంగా పట్టుకుని లాగబోతారు. లాగనివ్వకు. ఆ తప్పు తెలియనివాళ్లు చేసింది కాదు, సాక్షాత్తూ చేపల శాఖలే చేశాయి. 1950ల నుంచి 70ల దాకా వాషింగ్టన్‌లో, ఒరెగన్‌లో దుంగలు చేపల దారికి అడ్డమని వాగు తర్వాత వాగు ఖాళీ చేయించారు. చెట్ల నరికివేత చెత్తతో నిజంగానే పూడుకుపోయిన చోట్లు కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ దుంగల కుప్ప ఆనకట్ట కాదు. సందులుంటాయి, చాలావాటిలోంచి చేప దూరిపోతుంది. దుంగ ఉంటే ఏమవుతుందో ముందు చూడు. దుంగ మీంచి దూకే నీళ్లు కింద మడుగు తవ్వుతాయి, దుంగ వెనక గులకరాళ్లు ఆగుతాయి. గుడ్లు పెట్టేది ఆ గులకరాళ్లలో, పిల్లలు ఎండాకాలం బతికేది ఆ చల్లటి మడుగులో. కోహో అనే రకం సాల్మన్ పిల్ల ఏడాదికి పైగా వాగులోనే ఉంటుంది. చలికాలం వరదొస్తే దానికి దుంగ చాటు తప్ప దిక్కులేదు. దుంగలు పోయాక వరద గులకరాళ్లను ఊడ్చుకుపోయింది, కొన్నిచోట్ల అడుగు బండ తేలింది. 1980లకు గానీ ఆ తప్పు బాగా తెలిసిరాలేదు. ఇప్పుడు అవే వాగుల్లో ఎక్స్‌కవేటర్లతో, హెలికాప్టర్లతో దుంగలు తెచ్చి పెడుతున్నారు!

అలాగని నువ్వు దుంగలు దొర్లించకు. వంతెనకు కొట్టుకుంటే మునిగేది ఎవరి ఇల్లో తెలియదు. అది ఇంజనీరు పని. రాష్ట్ర చేపల శాఖ ఇచ్చే హైడ్రాలిక్ అనుమతి (వాగులో పని చేయడానికి అనుమతి) కావాలి, అదీ ఎండాకాలంలో వాళ్లిచ్చిన గడువులోనే. వేళ్లతో సహా ఉన్న దుంగైతే వాగు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు, వేళ్లు లేనిదైతే రెండు రెట్లు పొడవుండాలని లెక్క. దేవదారు జాతివి నిలుస్తాయి, ఆల్డర్ చెట్టు దుంగ కొన్నేళ్లకే పుచ్చిపోతుంది.

నీ వాలంటీర్ల పని గట్టు మీద. విల్లో, రెడ్ ఓసియర్ డాగ్‌వుడ్ అనే అక్కడి మొక్కలు మన మునగ కొమ్మలాగే నాటుకుంటాయి. ఆకులు రాలాక, నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు, బొటనవేలు లావున మూడడుగుల కొమ్మ కొట్టు. కింది కొస ఏటవాలుగా, పైకొస సమంగా కొయ్యి. లేకపోతే సగం మంది తలకిందులుగా పాతేస్తారు. ఇనపరాడ్‌తో గుంట చేసి, కొమ్మలో మూడింట రెండు వంతులు నేలలోకి దించు. సీడర్ చెట్టు అలా రాదు, కుండీ మొక్కే పెట్టాలి. చుట్టూ నాలుగంగుళాల చెక్కపొట్టు పరిచి, కాండానికి మాత్రం తగలనివ్వకు, కుళ్లుతుంది. కలుపులా అల్లుకునే బ్లాక్‌బెర్రీ పొదను కోస్తే మళ్లీ లేస్తుంది, దుంప తవ్వు. నాట్‌వీడ్ అనే కలుపు మొక్క కనిపిస్తే ముట్టుకోకు. గోరంత ముక్క నీళ్లలో పడినా కింద ఇంకోచోట మొలుస్తుంది. కౌంటీ (అక్కడి జిల్లా) వాళ్లకు చెప్పు. అన్నిటికన్నా కష్టం ఆగస్టు. నాటే రోజు ఫోటోలకు అందరూ వస్తారు, ఆగస్టులో నీళ్లు పొయ్యడానికి ఒక్కరూ రారు. మొదటి మూడు ఎండాకాలాలకు ఇప్పుడే మనుషుల్ని చూసిపెట్టుకో.

పులస గోదావరికి ఎదురీదినట్టే సాల్మన్ సముద్రం నుంచి వస్తుంది. గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. శరదృతువులో గట్టంతా కంపు కొడుతుంది. ఎవరో ఒకరు సంచులు తెస్తారు. వద్దను. ఆ కళేబరాలే పురుగులకు, చెట్లకు, మళ్లీ ఆ పిల్లలకే తిండి. నీ కుక్కను మాత్రం తాడు విప్పకు. పచ్చి సాల్మన్ తింటే కుక్కకు ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. అప్పట్నుంచి వసంతం దాకా వాగులో దిగకు. చుట్టుపక్కల కన్నా తేటగా, తెల్లగా కనిపించే గులకరాళ్ల మచ్చ కింద గుడ్లుంటాయి, ఒక్క అడుగు పడితే చాలు.

నా అసలు భయం చివర రాస్తున్నాను, కోప్పడకు. మిగతా కాలంలో కూడా మోకాలు దాటే నీళ్లలోకి వెళ్లకు. ఒంటరిగా అసలే వద్దు. నడుం బెల్టు లేకుండా వేడర్స్ (నీళ్లలో దిగడానికి వేసుకునే పొడుగు రబ్బరు తొడుగు) వేసుకుంటే, జారిపడినప్పుడు నీళ్లు లోపలికి నిండి లేవనివ్వవు. నీ బూటు సైజు మెసేజ్ పెట్టు. వేడర్స్, బెల్టు నేనే కొని పంపుతాను.

మీ పెద్దమావయ్య